ఒక్క కాల్‌కు ఎంత ఖర్చు?

ఏఎస్/400 మీద పనిచేసేవాళ్లలో తరచూ వినిపించే మాట: "యాక్టివేషన్ గ్రూప్ స్టార్ న్యూ పెట్టకండి, స్లో అయిపోతుంది." అది అబద్ధమేమీ కాదు. కానీ ఎంత స్లో అని అడిగితే జవాబు దొరకడం కష్టం. ఆ 'ఎంత'ను తేల్చడం ఈ వృత్తిలో నాకు బాగా ఇష్టమైన పని.

ఐబీఎం 1988లో తెచ్చిన ఆ మెషీన్ వారసత్వం ఇప్పుడు ఐబీఎం ఐ పేరుతో నడుస్తోంది. ప్రోగ్రామ్ స్టాటిక్ వేరియబుల్స్, తెరిచిన ఫైళ్లు, ఓవర్‌రైడ్‌లు జాబ్‌లో ఉండే చోటే యాక్టివేషన్ గ్రూప్. స్టార్ కాలర్ అంటే తనను పిలిచిన ప్రోగ్రామ్ గ్రూప్‌లోనే పని. స్టార్ న్యూ అంటే ప్రతి కాల్‌కూ కొత్త గ్రూప్ పుట్టి, పని కాగానే పోతుంది. ఒక్కో బేరానికీ షాపు తెరిచి మూసినట్టు.

కొలవడానికి, ఏ పనీ చేయకుండా రిటర్న్ అయ్యే ప్రోగ్రామ్‌ను ఆర్‌పీజీ భాషలో రాసి, రెండు రకాలుగానూ కంపైల్ చేస్తాను. బ్యాచ్‌లో, లూప్ పెట్టి, ఒక్కోదాన్ని లక్షసార్లు పిలుస్తాను. చూడాల్సింది సీపీయూ టైమ్. గడియారం టైమ్‌లో పక్క జాబ్‌ల రద్దీ కూడా కలిసిపోతుంది. రెండింటి తేడాను లక్షతో భాగిస్తే, గ్రూప్ పుట్టి పోవడానికి అయ్యే ఖర్చు తేలుతుంది.

తర్వాత ఆ ప్రోగ్రామ్‌కు ఒక్క ఫైల్ చేరుస్తాను. అసలు విషయం ఇక్కడే ఉంది. గ్రూప్ పోతే ఫైల్ మూతపడుతుంది, మళ్లీ పిలిస్తే మళ్లీ తెరవాలి. ఫైల్ తెరవడం బరువైన పని. స్టార్ న్యూకు బదులు గ్రూప్‌కు ఒక పేరు పెట్టినా, ప్రోగ్రామ్ చివర, పని ముగిసిందని చెప్పే ఎల్‌ఆర్ ఇండికేటర్‌ను ఆన్ చేస్తుంటే గ్రూప్ మిగులుతుంది గానీ ఫైల్ మూతపడుతూనే ఉంటుంది. స్టార్ న్యూ తీసేశాం, అయినా వేగం రాలేదేమని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఆ ఎల్‌ఆర్‌నే.

రాత్రికి ఒక్కసారి నడిచే ప్రోగ్రామ్‌కు స్టార్ న్యూ ఖర్చు లెక్కలోకే రాదు. పైగా వేరియబుల్స్ ప్రతిసారీ కొత్తగా మొదలవుతాయి, పాత విలువలు మిగిలి లెక్క తప్పే భయం ఉండదు. రికార్డుకొక కాల్ చొప్పున లక్షల కాల్స్ ఉన్నచోట మాత్రం ఆ ఖర్చు బ్యాచ్ టైమ్‌ను పెంచేస్తుంది. రెండింటికీ ఒకే సలహా సరిపోదు.

అందుకే కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఆ చిన్న ప్రోగ్రామ్‌లు ఇచ్చి, తమ మెషీన్ మీద తామే కొలుచుకోమంటాను. అలా వచ్చిన అంకె వాళ్ల సొంతం. రేపు మెషీన్ మారినా, రిలీజ్ మారినా, మళ్లీ కొలుచుకోవడం వాళ్లకు తెలుసు.