సంతకం సాక్ష్యమా? పాతకాలపు కళాత్మక గాజు పూలజాడీల కర్తృత్వ నిర్ణయం: ఒక పరిశీలన

సారాంశం: గాజు పూలజాడీల కర్తను, జన్మస్థానాన్ని నిర్ణయించడంలో సంతకానికి లభిస్తున్న ప్రాధాన్యాన్ని గాలే, లోట్జ్ కర్మాగారాల ఉదాహరణలతో ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కళాత్మక గాజు, కర్తృత్వం, సంతకం, గాలే, లోట్జ్.

1. ఉపోద్ఘాతం

పాత పూలజాడీ చేతికి రాగానే దానిమీద పేరు కోసం వెతకడం సేకర్తలకూ, విక్రేతలకూ పరిపాటి. పేరు కనిపిస్తే నిర్ణయం జరిగిపోయినట్లే భావిస్తారు. కనిపించకపోతే ఆ శైలిలో ప్రసిద్ధి పొందిన కర్తకు అంటగడతారు. ఈ రెండు పద్ధతులూ పరిశీలనకు నిలవవు.

2. పేరు ఉన్నచోట: గాలే

భిన్నవర్ణాల గాజు పొరలను ఒకదానిపై ఒకటి చేర్చి, పై పొరలను ఆమ్లంతోనో చక్రంతోనో తొలగించి బొమ్మను తేల్చడం కామియో పద్ధతి. ఇందులో ఫ్రాన్సులోని నాన్సీ నగరానికి చెందిన ఎమీల్ గాలే (1846-1904) పేరు సుప్రసిద్ధం. ఆయన మరణానంతరం కొంతకాలం సంతకం పక్కన నక్షత్రం గుర్తును చేర్చారు. తరువాత ఆ గుర్తు లేకుండానే 1930ల వరకు కర్మాగారం అదే పేరుతో ఉత్పత్తి సాగించింది. కనుక ఆ సంతకం కర్మాగారాన్ని తెలుపుతుందే గాని కళాకారుని హస్తాన్ని కాదు. తరువాతి కాలంలో రుమేనియాలో తయారైన అనుకరణలపై గాలే పేరుతోపాటు ‘రకం’ అనే అర్థం గల ‘టిప్’ అనే మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాటను అరగదీస్తే అనుకరణ అసలుగా చెలామణి అవుతుంది.

3. పేరు లేనిచోట: లోట్జ్

బొహీమియాలోని క్లోస్టర్‌మ్యూలెకు చెందిన లోట్జ్ కర్మాగారం ఇంద్రధనుస్సు కాంతులీనే గాజుకు పేరుపొందింది. దాని జాడీలలో అధికభాగం సంతకం లేనివే. అందువల్ల అటువంటి మెరుపు గల ప్రతి జాడీనీ లోట్జ్‌దిగా పేర్కొనడం, కొన్నింటిపై దొంగ సంతకం చెక్కడం కూడా జరిగాయి. ఉత్పత్తి సంఖ్యలు గల ఆ సంస్థ కాగితపు నమూనాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక ఆకృతులను పోల్చి చూసే ఆధారం లభించింది. లోట్జ్‌వి అనుకున్న జాడీలలో అనేకం క్రాలిక్ వంటి ఇతర బొహీమియా కర్మాగారాలవని తేలింది.

దేశనామానికీ ఇటువంటి విచారణే అవసరం. బొహీమియా 1918 వరకు ఆస్ట్రియా పాలనలోనిది, ఆపైన చెకోస్లొవేకియాలోనిది. అమెరికా 1890 నాటి సుంకాల చట్టం దిగుమతులపై దేశనామాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి అసలైన దేశముద్ర కాలాన్నీ, ఎగుమతినీ సూచించగలదు. కర్తను మాత్రం చెప్పదు.

4. ముగింపు

కావ్య కర్తృత్వ చర్చలో ఆశ్వాసాంత గద్య ఒక సాక్ష్యం మాత్రమే అయినట్లు, గాజుమీది సంతకమూ ఒక సాక్ష్యమే. ఆకృతి, పొరల అమరిక, చెక్కడం తీరు, అడుగుభాగపు అరుగుదల, కర్మాగార పత్రాలు దానితో ఏకీభవించాలి. అవి ఏకీభవించనప్పుడు ‘కర్త అజ్ఞాతం’ అని రాయడమే న్యాయం. ప్రసిద్ధ నామాన్ని తొందరపడి తగిలిస్తే కొనుగోలుదారు ధనమే కాదు, క్రాలిక్ వంటి కర్మాగారాల పనివారి శ్రమ కూడా చరిత్రలో మరొకరి ఖాతాకు చేరుతుంది.