సోల్డరు పొగలో శ్రుతి

రాత్రి పది దాటి, మైండ్‌స్పేస్ కూడలియందు ఉద్యోగుల క్యాబుల రద్దీ కొంత సడలిన పిమ్మట, హైదరాబాదు కొండాపూరులోని ఒక అపార్టుమెంటు నాలుగవ అంతస్తున, పగలెల్ల ఏ దూరదేశపు బ్యాంకు లెక్కలకో ప్రోగ్రాములు వ్రాసి అలసిన నా మిత్రుడు సోల్డరింగు ఐరన్ వేడిచేసికొని కూర్చుండును. అతని బల్లమీది అల్యూమినియపు పెట్టెను తొలిసారి చూచినవారు ఫ్రిజ్జు స్టెబిలైజరని భ్రమింతురు. నిదానించి చూచినగాని ముందువైపున వరుసదీరిన పదునెనిమిది నాబులును, అగ్గిపెట్టెలో సగమంత నీలితెరయు కంటబడవు. అది సింథసైజరు. ఏ అంగడిలోను కొన్నది కాదు. అందలి ప్రతి రెసిస్టరును అతడు తన చేత అతికినదే. అతడు దానిని పలికింప నారంభించినచో నేను గడియారము చూచుట మరతును. ఆ మంద్రస్థాయి స్వరము చెవికన్న ముందు ప్రక్కటెముకలకు తెలియును.

ఈ యంత్రము పనిచేయు తీరు కాలువక్రింద సేద్యము నెరిగినవారికి సులభముగా బోధపడును. ఆసిలేటరు అను ఊటనుండి రంపపు పండ్లవంటి అల పుట్టును. అందు మూలస్వరముతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలైన కంపనములన్నియు కలగలిసియుండును. ఫిల్టరు అను తూము పైవానిని కావలసినంత మేర అడ్డగించి క్రిందివానిని వదలును. ఆ వెనుకనున్న యాంప్లిఫయరు స్వరము ఎట్లు లేచి, ఎంతసేపు నిలిచి, ఎట్లు అణగవలెనో చూచుకొనును. వీనినన్నింటిని నడుపునది వోల్టేజియే. ఒక వోల్టు పెంచినచో స్వరము సరిగా ఒక స్థాయి పైకెక్కును. అందు పండ్రెండవ వంతు, అనగా సుమారు 83 మిల్లీవోల్టులు, ఒక అర్ధస్వరము. మన గమకమునకు ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు పాశ్చాత్యుల మీటల వాద్యములలో మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము. వోల్టేజికి మెట్లు లేవు గనుక రిషభమునుండి గాంధారమునకు నూనెధారవలె జారిపోవచ్చును. హార్మోనియము పక్షమువారు నాపై కోపగించుకొన్నను ఈ మాట వెనుకకు తీసికొనను.

చరిత్రను గూర్చి రెండుమాటలు చాలును. అమెరికాలో రాబర్ట్ మూగ్ అను నతడు హెర్బర్ట్ డాయిచ్ అను సంగీతకర్త తోడ్పాటున 1964లో ఈ వాద్యమునకు రూపు కల్పించెను. 1968లో వెండీ కార్లోస్ దానిపై బాఖ్ కృతులను వాయించి రికార్డు వెలువరించెను. ఆ వాద్యము ఒకసారికి ఒకే స్వరమును పలుకును. నాలుగు స్వరములు కలిసి మ్రోగవలసినచోట నాలుగుమార్లు వేర్వేరుగా వాయించి టేపుపై ఒకదానిమీద నొకటి చేర్చవలసి వచ్చెను. నడుమ శ్రుతి జారినప్పుడెల్ల ఆపి సరిచేసికొనవలసి వచ్చెను. ఆ ఓర్పును తలచినప్పుడు నాకు చేతులు జోడింపవలె ననిపించును. మరుసటి యేట, అనగా 1969లో, అమెరికా సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ పూనికతో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌నందు ఒక మూగ్ సింథసైజరు వెలసినది. గీతా సారాభాయి మొదలగువారు అచట చేసిన రచనల టేపులు చిరకాలము అలమరలలో నిద్రించి 2023లో సంకలనముగా వెలువడినవి. ఆ 1969లోనే మన హైదరాబాదున, అయ్యగారి సాంబశివరావుగారు తీర్చిదిద్దిన ఈసీఐఎల్ అను ఎలక్ట్రానిక్స్ సంస్థనుండి టీడీసీ 12 అను కంప్యూటరు వెలువడినది. చేతనైన ఇంజనీర్లు ఇచట, వాద్యము అచట! ఆ రెండును ఒక్క ఊర కలిసియుండిన, నేడు మనవారు మాదాపూరున అర్ధరాత్రి దొంగచాటుగా సాగించు పని దాదాపు అరువది యేండ్లనాడే పట్టపగలు మొదలైయుండెడిది.

ఇక విద్యలోని మర్మమునకు వత్తును. ఆసిలేటరులో వోల్టేజిని స్వరముగా మార్చునది ఒక ట్రాన్సిస్టరు జంట. లోనికి వచ్చు ఒక వోల్టు తగ్గి దాని బేసు వద్దకు సుమారు 18 మిల్లీవోల్టులుగా చేరును. అంత పెరిగినచో ప్రవాహము రెట్టింపగును, స్వరము ఒక స్థాయి పెరుగును. ఆ 18 అను సంఖ్య స్థిరమైనది కాదు. వేడి డిగ్రీ పెరిగినకొలది దాదాపు నూటికి ఒకటిలో మూడవవంతు చొప్పున అదియు పెరుగును. కనుక రక్షణలేని ఆసిలేటరును 24 డిగ్రీల ఏసీ గదిలో శ్రుతిచేసి, మే నెల మధ్యాహ్నము 38 డిగ్రీల బాల్కనీలోనికి తెచ్చినచో, ఒక్కొక్క స్థాయి అర్ధస్వరములో సగమునకు పైగా కుదించుకొనిపోవును. నాలుగైదు స్థాయిలు దాటునప్పటికి అది మోహనయో, మొఱయో తెలియదు.

దీనికి మందు కలదు. ఒకే స్వభావముగల రెండు ట్రాన్సిస్టర్ల నేరి, వెన్నునకు వెన్ను ఆనించి, థర్మల్ పేస్టు పూసి కట్టి, వేడికి తగినట్లు తన విలువ మార్చుకొను ప్రత్యేకపు రెసిస్టరును వానిపై అతికింతురు. చెప్పుట తేలిక. నా మిత్రుడు నలుబది ట్రాన్సిస్టర్లు కొని, వ్రేళ్ల వేడి సోకినచో కొలత మారును గనుక ఒక్కొక్కదానిని పట్టకారుతో పట్టి మల్టీమీటరుతో కొలిచి, చల్లారనిచ్చి, మరల కొలిచి, తుదకు మూడు జంటలు తేల్చెను. పెండ్లిసంబంధములైన ఇంత శ్రద్ధగా చూడరు. వీణ చేయువారి శ్రద్ధయు ఇట్టిదే. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశమువారు ఒకే పనసదుంగను తొలిచి వీణ చేసి, మైనముపై ఇరువదినాలుగు మెట్లను చెవితో వినుచు అమర్తురు. మైనము మెత్తబడి మెట్టు కదలినచో మరల మేళము కట్టవలసినదే. శ్రుతి సవరించు ప్రీసెట్టు స్క్రూను వెండ్రుకవాసి త్రిప్పి, చెవి యొగ్గి, మరల వెనుకకు త్రిప్పు మావాడు ఆ వీణకారులకు జ్ఞాతియే యని నేనందును.

కట్టుటకన్న చెడినదానిని కనిపెట్టుట గొప్ప. ఒకనాడు కుర్రవాడొకడు తన యంత్రమును సంచిలో వేసికొని వచ్చి, “అన్నా, ఊకె గుయ్యిమంటుంది” అని మొఱపెట్టుకొనెను. మావాడు మూతయైన తీయక ఒక నిమిషము విని, “ఇది యాభై కాదు తమ్మీ, వంద. కెపాసిటర్ పోయింది” అనెను. ఇంటి కరెంటు సెకనుకు 50 మార్లు ఊగును. ఎర్తు తీగ తప్పుదారి పట్టినచో ఆ 50 వినబడును. డయోడ్ల వంతెన దాటిన పిదప ఆ ఊగుట 100 అగును గనుక, దానిని నునుపు చేయవలసిన కెపాసిటరు ఎండినచో 100 వినబడును. రెంటికి నడుమ దూరము సరిగా ఒక్క స్థాయి. మూత విప్పి చూడగా కెపాసిటరు తల పూరీవలె ఉబ్బియున్నది. స్వరజ్ఞానము రోగనిర్ణయమునకు పనికివచ్చుట నేను అదియే మొదలు చూచుట.

డిస్‌ప్లేల సంగతి వేరు. పదునారక్షరముల రెండు వరుసల ఎల్‌సీడీపై పైవరుస మాత్రము నల్లని గడులతో నిండియున్నచో, కరెంటు అందినది గాని ప్రోగ్రాము దానితో ఇంకను పలుకలేదని అర్థము. ఏమియు కనబడనిచో పారవేయకముందు మూడవ పిన్నుకు తగిలించిన ప్రీసెట్టును త్రిప్పవలెను. కాంట్రాస్టు తగ్గి అక్షరములు దాగియుండవచ్చును. చిన్న ఓలెడ్ తెరలు మరింత మాయలాడులు. వాని వీపుమీద చిరునామా 78 అని ముద్రింతురు. ప్రోగ్రాములో వ్రాయవలసినది 3సి. పదునారు మూలముగా లెక్కించు పద్ధతిలో రెండవదానిని రెట్టించిన మొదటిది వచ్చును, అంతే భేదము. దీనికై రాత్రులు పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును. తెర ఎంత సేవకుడో అంత దొంగ. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తుగల బొమ్మనంతయు ఒకసారి పంపుటకు 1,024 బైట్లు కావలెను. వేగముగా పంపినను ఇరువది మిల్లీసెకన్లకు పైగా పట్టును. అంతసేపు ప్రోగ్రాము తెరవద్దనే నిలిచిపోయినచో స్వరము నత్తినత్తిగా పలుకును. పగలు పెద్ద పెద్ద సర్వర్ల జాప్యములను దిద్దు మావాడు తన యంత్రములోని ఈ జాప్యమును పట్టుటకు నాలుగు రాత్రులు తీసికొనెను. తరువాత మరియొక పీడ: తెరపై చుక్కలు వెలిగినకొలది స్పీకరులో సన్నని కీచు. తెరను ప్రోగ్రాముతో ఆర్పి చూచెను, కీచు పోయెను, దొంగ దొరకెను. తెరకు వేరు రెగ్యులేటరు నమర్చి, దాని ఎర్తును స్వరభాగపు ఎర్తుతో దారిలో కలుపక పవర్ సప్లయి వద్దనే కలిపెను. ఆ నిశ్శబ్దమును నాకు వినిపించుటకై అర్ధరాత్రి ఫోను చేసి పిలిచెను. వెళ్లితిని, వింటిని.

నాకు ఒళ్లు మండునది నకిలీల విషయమున. కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణములో ఐసీ అడిగినచో, కౌంటరు వెనుక కూర్చున్న పెద్దమనిషి, “ఒరిజినల్ కావాల్నా సార్, డూప్లికేట్ కావాల్నా?” అని మొగము మీదనే అడుగును. అది ధర్మము. కొనువాడు తెలిసి కొనును. ఇంటికి పార్సిలు పంపు ఒక వర్తకుడు, పేరెత్తను, మావానికి టీఎల్ 072 అని ముద్రించి పంపిన పది చిప్పులలో ఏడు, నెయిల్ పాలిష్ రిమూవరులో తడిపిన దూదితో తుడువగా అక్షరములు రాలి, క్రింద గీకిన గుర్తులు బయల్పడినవి. ఏ పాతబోర్డునుండియో ఊడబెరికి, వీపు గీకి, క్రొత్త పేరు అచ్చొత్తిన శవములవి! తెరలదియు అదే కథ. ఎస్‌ఎస్‌డి 1306 అని అమ్మి ఎస్‌హెచ్ 1106 ఇత్తురు. దానికి లోపల 132 నిలువు వరుసలుండుటచే బొమ్మ రెండు చుక్కలు ప్రక్కకు జరిగి, అంచున మంచురాలినట్లు చుక్కలు మిగులును. క్రొత్తగా నేర్చుకొను పిల్లవాడు తప్పు తనదే యనుకొని, ప్రోగ్రామును పదిమార్లు తిరుగవ్రాసి, చివరకు ఐరను అటకమీద పెట్టును. డబ్బు పోయిన మరల సంపాదింతుము. ఆ పిల్లవాని ఉత్సాహమును తిరిగి ఇచ్చు వర్తకుడెవడు?

ఫోనులో సింథసైజరు యాపు ఉన్నదిగదా, ఇంత కష్టమెందుకని అడుగువారు నా బంధువులలోనే కలరు. ఆ యాపులో కెపాసిటరు ఉబ్బదు, శ్రుతి జారదు, ఎవనికిని చెవి కుదరదు. నేను పక్షపాతినే. కాని రాయదుర్గమున టీ-హబ్ ప్రక్కనే 2023 మార్చిలో తెరచిన టీ-వర్క్స్ వంటి శాల, పీసీబీలు మొదలు పెట్టెల వరకు చేసికొను పరికరములతో సిద్ధముగా నుండగా, ఈ నగరమున వాద్యము చేయు చేతులు ఇంకను ఇంటి బాల్కనీలకే పరిమితమై యుండుట నాకు మింగుడుపడదు. అచటివారు నెలకొక సాయంకాలము సింథసైజర్లకు కేటాయించి, కోఠి పెద్దమనిషిని పిలిపించి అసలుచిప్పుకు నకిలీచిప్పుకు భేదము చూపింపజేసి, గొల్లపల్లినుండి ఒక వీణకారుని రప్పించి మేళము కట్టు తీరు చెప్పింపవలెనని వేడుకొనుచున్నాను.

పాఠకులకు ఒక మనవి. మీ యింటి అటకమీద పదునైదేండ్లనాటి కీబోర్డు, తెర చీకటియై గాని, పిచ్చి అక్షరములు చూపుచు గాని పడియున్నచో, పాతసామాను బండివానికి వేయకుడు. ప్లగ్గు పీకి, మూత విప్పి చూడుడు. నాణెమంత బ్యాటరీ కనబడినచో మల్టీమీటరుతో కొలువుడు. మూడు వోల్టులుండవలసినచోట రెండుకూడ లేకున్నచో రోగము అదియే కావచ్చును. ఆ బ్యాటరీ కిరాణాకొట్టులోనైన దొరకును.