చిటికి పువ్వా!

తంగేడువి కావు, తామరవీ కావు. ఇబ్రహీంపట్నం దాటి తూర్పుకు పోతే, పుట్టపాక మగ్గాల ఇళ్లల్లో పూసే పువ్వువి నువ్వు. బట్ట ఇంకా పుట్టనే లేదు, నువ్వు అప్పటికే ఉన్నావు. చట్రం మీద చుట్టి ఆసు పోసిన నూలులో చెదురుమదురు చుక్కలుగా, ఏ రేకు ఎక్కడిదో నేతగాడికి తప్ప ఎవరికీ తెలియకుండా.

నిన్ను ఎవరూ గీయరు, అద్దరు, కుట్టరు. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెడతారు. నీ రేకులు పడాల్సిన చోటల్లా దారాన్ని రబ్బరుతో బిగించి కడతారు. ఆ కట్టుతో సహా నూలు రంగులో మునుగుతుంది. కట్టిన చోటికి రంగు చేరదు. ముడి విప్పితే తెల్లగా నువ్వు! రంగును రానీయకపోతే మిగిలిన పువ్వువి.

నీలాంటిదే ఇంకొకటి కంబోడియాలో రాతిలో ఉంది. 967లో ప్రతిష్ఠించిన బాంతే స్రై గుడి గులాబీ ఇసుకరాయి గోడల మీద లతలోంచి లత, ఆకులోంచి ఆకు. అక్కడి శిల్పీ రాయిని తీసేస్తూ పోయాడు, ఉలి వదిలిన చోట మొగ్గ మిగిలింది. అక్కడ పట్టులోనూ నీ చుట్టాలున్నారు. 'హోల్' అంటారు. పేకను మాత్రమే కట్టి రంగువేసి నాగుపామునూ చెట్టునూ నేస్తారు. 1296లో అంగ్‌కోర్ చేరిన చైనా వాడు జౌ దాగ్వాన్, పడమటి సముద్రాల నుంచి వచ్చే బట్టనే అక్కడివాళ్లు మేలుగా ఎంచుతారని రాసిపెట్టాడు. మన దిక్కు బట్టన్న మాట!

నీ ముత్తవ్వ తేలియా రుమాలు. పుట్టిల్లు చీరాల, పెరిగింది ఈ పుట్టపాకలో. ఆముదపు కాయల బూడిదా నూనే కలిపిన నీళ్లలో నూలును పిసికి ఎండబెట్టి, మళ్లీ పిసికి మళ్లీ ఎండబెడితే గాని ఎరుపు పట్టేది కాదు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే ఆమె సిరి. అరబ్బుల తలకు చుట్టుకోవడానికి ఓడలెక్కింది. ఆ రోజుల్లో గళ్లూ వజ్రాలే ఎక్కువ. తర్వాత ఏనుగొచ్చింది, సింహమొచ్చింది, చివరికి విమానమూ వచ్చింది. విమానాన్ని ఎందుకు నేశారో గాని, నీ ఇంట్లో అదీ పిట్టలాగే కనిపిస్తుంది.

ఎందుకంటే నీ లోకంలో వంపు లేదు. పడుగు నిలువు, పేక అడ్డం. చిలుక ముక్కయినా, మామిడి పిందె కొసయినా మెట్లు మెట్లుగా దిగాల్సిందే. పడుగుకూ పేకకూ రెంటికీ కట్టు కట్టిన చోట, తెల్ల చుక్క మీద తెల్ల చుక్క వచ్చి కూర్చోవాలి. నాడె దాటిన ప్రతిసారీ నేతగాడు వంగి చూస్తాడు, ఎడంగా పోయిన పోగును గోటితో ఇటు జరుపుతాడు. ఎంత జరిపినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఆ తేడాలోనే నీ అంచు గాలి తగిలినట్టు వణుకుతుంది. దాన్ని లోపమనేవాళ్లు నిన్ను చూడలేదన్నట్టే.

నిన్ను మోసినవాళ్లున్నారు. ఒక్క చీర ఆసుకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఊగాలి. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేసి, దానికి ఆ తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. పుట్టపాక గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. బిరుదు ఆయనదే, అందులో నీ వాటా నీకుంది.

ఇప్పుడు మిల్లులో నీ బొమ్మను అచ్చేసి నీ పేరుతోనే అమ్ముతున్నారు. అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, వణుకుండదు. దుకాణంలో అనుమానమొస్తే కొంగు తిరగేస్తే చాలు. అచ్చు పువ్వు వెనక పాలిపోయి ఉంటుంది. నీకు వెనక అనేదే లేదు, రెండు పక్కలా ముఖమే.