ట్వీజర్ చివర 217 డిగ్రీలు

తార్నాక మొబైల్ రిపేరు కొట్లకు ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్ల గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ‘అన్నా, ఫోన్ పోతే పోయింది గానీ ప్రాజెక్టు అంతా దాంట్లనే ఉంది’ అంటూ నీళ్లలో పడ్డ సెట్టు తెచ్చి బల్ల మీద పెడతారు. ఇప్పటి ఫోన్లలో డేటా తాళంచెవి ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది. మెమరీ ఐసీ ఒక్కటి పీకితే లాభం లేదు. రెంటినీ ఊడదీసి, అదే మోడల్ పాత బోర్డు మీద జంటగా కూర్చోబెట్టాలి. ఈ పని అన్ని కొట్లలోనూ చేయరు. చేసేవాడి చేతులు మాత్రం దగ్గర నిలబడి చూడాల్సిందే.

చుట్టుపక్కల భాగాలకు వేడి తగలకుండా ముందు కాప్టన్ టేపు అంటిస్తాడు. ఫ్లక్స్ రాస్తాడు. హాట్ ఎయిర్ గన్‌ను 350 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి ఒకేచోట తగలకుండా గుండ్రంగా తిప్పుతుంటాడు. ఐసీ కింద కంటికి సరిగా ఆనని టంకం గుండ్లు వందల్లో ఉంటాయి. తగరంలో 3 శాతం వెండి, అర శాతం రాగి కలిపిన ఆ టంకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. వేడి ఎక్కువైతే బోర్డు పొరలు ఉబ్బుతాయి. తక్కువైతే, ఐసీతో పాటు బోర్డు మీది రాగి చుక్కలూ లేచొస్తాయి. ఐసీ కింద ఎంత వేడి ఉందో చెప్పే మీటరేదీ లేదు. అందుకే ట్వీజర్‌తో దాని అంచును వెంట్రుకవాసి తోసి వదిలేస్తాడు. కరిగిన టంకం తలతన్యత దాన్ని మళ్లీ తన చోటికి లాక్కుంటే గుండ్లన్నీ కరిగాయన్నమాట. అప్పుడు ఎత్తుతాడు. ఇంత పొదుపైన పరీక్ష నేను ఇంకే పనిలోనూ చూడలేదు.

ఓపిక అవసరమయ్యేది ఆ తర్వాతే. పాత టంకాన్ని రాగి అల్లికతో పీల్చేసి, చిల్లుల స్టెన్సిల్ బిగించి, పేస్టు మెత్తి వేడి చేస్తే ఒక్కో చిల్లులో ఒక్కో గుండు లేస్తుంది. దీన్నే రీబాలింగ్ అంటారు. ఒక్క గుండు లేవకపోయినా పని మొదటికొస్తుంది. కొట్లో సొరుగుల నిండా చచ్చిన బోర్డులే. ఒకదాని చార్జింగ్ ఐసీ, ఇంకోదాని కనెక్టర్ ఎవరి ఫోన్లోనో మళ్లీ బతుకుతాయి. కరిగించి లోహం తీయడం కన్నా ఇది పై మెట్టని నా నమ్మకం.

ఏ భాగమూ పనికిరాని బోర్డుల సంగతి వేరు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 10 లక్షల ఫోన్ల నుంచి దాదాపు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 15 కిలోల పల్లాడియం, 16 టన్నుల రాగి వస్తాయి. ఫోనుకు 34 మిల్లీగ్రాముల బంగారం. కొంచెమే కదా అనిపిస్తుంది గానీ, రాయచూరు జిల్లా హట్టి గనిలో టన్ను రాయి పిండి చేసినా చేతికొచ్చేది కొద్ది గ్రాములే. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ వాళ్లు 62 లక్షల ఫోన్లు, వాటితో పాటు ఇతర చిన్న పరికరాలూ పోగేసి 32 కిలోల బంగారం తీశారు.

కంసాలి కొట్టు ముందు మట్టి ఊడ్చుకెళ్లి కడిగి బంగారం రాబట్టేవాళ్లకు ఉన్నంత ఓపిక, ఢిల్లీ సీలంపూర్‌లో బోర్డులు విప్పేవాళ్లకూ ఉంది. వాళ్లను దెబ్బతీసేది పొగ, ఆమ్లం. ఆ రెంటినీ అదుపులో పెట్టే పద్ధతుల మీద మన చెర్లపల్లిలోని సీ-మెట్ పనిచేస్తోంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కిందున్న ఈ సంస్థలో ఈ-వ్యర్థాల కోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. పద్ధతి వినడానికి తేలిక. బోర్డు మీది భాగాలు ఊడదీస్తారు, మూసిన కొలిమిలో ప్లాస్టిక్కును వదలగొడతారు, మిగిలినదాన్ని కరిగించి రాగి దిమ్మ పోస్తారు. ఆ దిమ్మను ద్రావణంలో వేలాడదీసి కరెంటు పంపితే రాగి కరిగి అవతలి పలక మీద శుద్ధంగా పేరుకుంటుంది. బంగారం, పల్లాడియం కరగవు, వెండీ దాదాపు అంతే. అడుగున బురదలా దిగుతాయి. అసలు సొమ్మంతా ఆ బురదలోనే.

ఈ దారిలో దక్కనివీ ఉన్నాయి. కెపాసిటర్లలోని టాంటలం ఆక్సైడుగా మారి చిట్టెంలో కలిసిపోతుంది. స్పీకర్ అయస్కాంతంలోని నియోడిమియమూ అంతే. కొలిమికి పోకముందే వాటిని చేత్తో ఏరాలి. టాంటలం కెపాసిటర్‌ను చూపు పడగానే గుర్తుపట్టే కళ్లు తార్నాక బల్లల దగ్గర ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ చేసేవాళ్లకిచ్చే సర్టిఫికెట్ల కోసం లెక్కకు తీసుకున్నవి బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం. టాంటలాన్నీ ఆ లెక్కలోకి తెస్తే, ఏరినవాడికి కూలి గిట్టుతుంది.