పాట – మాతువు – ధాతువు

తెలుఁగున పాట యను పదమునకుఁ గల వ్యాప్తి మిక్కిలి పెద్దది. ఆడునకు ఆటవలెఁ బాడునకుఁ బాట యేర్పడినది. దీనిని సంస్కృత పాఠశబ్దమునకు వికృతిగాఁ జెప్పువారు తమిళమునఁ గల పాట్టును, కన్నడమునఁ గల హాడును జూడనివారు. పాడుట పాట, కవి వ్రాసిన పంక్తులును పాటయే, ఆ పంక్తుల కమర్చిన స్వరక్రమమును పాటయే, ఒకప్పు డంగళ్ల నమ్ముచు వచ్చిన గ్రామఫోను ప్లేటులో నుండినదియుఁ బాటయే. వేలములో ధర హెచ్చించి పలుకుటయుఁ బాటయే గదా! సర్కారువారి పాట యన్నప్పుడు సంగీతము నెవ్వరును దలంపరు. యోగముకంటె రూఢి బలవత్తర మనుటకు వేఱొక నిదర్శన మక్కఱలేదు.

వ్యవహారమున నీ బహ్వర్థత్వము బాధకము కాదు. కాని కర్తృత్వమును నిర్ణయింపవలసివచ్చినప్పుడు చిక్కు పుట్టును. “ఈ పాట యెవరిది?” అని యడిగినచో కవి పేరు చెప్పువా రొకరు, బాణీ కట్టినవాని పేరు చెప్పువా రొకరు, పెక్కండ్రు పాడినవాని పేరే చెప్పుదురు. ప్రశ్న యొకటియే, అడుగఁబడిన వస్తువులు మాత్రము మూఁడు.

ప్రాచీనశాస్త్రమున నీ సందిగ్ధత లేదు. పదుమూఁడవ శతాబ్దమున దేవగిరి యాదవరాజ్యమున నుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున వాక్కును మాతు వనియు, గేయమును ధాతు వనియు వేఱుచేసి చెప్పెను. రెంటిని గూర్పఁగలవాఁడే వాగ్గేయకారుఁడు. వ్యాకరణము చదివిన విద్యార్థికి ధాతు వనఁగానే భూ మొదలగునవి స్ఫురించును గాన నిది మొదట వింతగాఁ దోఁచును. పైగా నాగ్రంథమందే ప్రబంధావయవములైన యుద్గ్రాహాదులకును ధాతుసంజ్ఞ కలదు. ప్రకరణమునుబట్టి యర్థము గ్రహింపవలయును. రేచర్ల సింహభూపాలుఁడు వ్యాఖ్య రచించిన గ్రంథ మగుటచే నీ విచారము తెలుఁగునాఁటికిఁ గ్రొత్తది కాదు.

వాగ్గేయకారులలోఁ దారతమ్యమును జెప్పుచు శార్ఙ్గదేవుఁడు, మాతువు రమ్యమైనను ధాతువు మందమైనచో నాతఁ డధముఁ డనెను. ఇందు శాస్త్రకారుఁడు సంగీతముపక్షము వహించినాఁ డనుట స్పష్టము. ఒరులు కట్టిన ధాతువునకు మాతువును గూర్చువానికిఁ గుట్టికారుఁ డని పేరిడి, వానిని దుదిని నిలిపెను. నేఁటి చలనచిత్రగీతములలోఁ బెక్కింటి రచన యీ తీరుననే జరుగుచున్నది: బాణీ ముందు, మాటలు వెనుక. అట్టి కవి శాస్త్రదృష్టిచేఁ గుట్టికారుఁడు. కాని యాతని పని తేలికయైన దనుట యన్యాయము. గణములు ముందే నియతములు. వానికిఁ బేరును లేదు, లక్షణమును లేదు. స్వరము సాఁగుచోట హ్రస్వము పడెనా, కలము కాలమగును, పడి పాడి యగును. ఈ యపాయమును దప్పించుకొని యర్థమును నిలుపుట పద్యరచనకంటె సులభము కాదు.

అయినను సినిమాపాటలు వ్రాసిన ప్రతివానిని వాగ్గేయకారుఁ డని వ్యాసములలోఁ గీర్తించుట తగదు. త్యాగరాజు (1767–1847) రెంటిని దానే కూర్చెను గాన నా బిరుద మాతనికిఁ జెల్లినది. ఒక్కటియే కూర్చినవానికి నదే బిరుద మిచ్చినచో, నాతనికి గౌరవము హెచ్చదు. పదమునకు మాత్రము చేటు వచ్చును.

వాడుకలోని పేళ్లు మఱింత విచిత్రములు. బాణీ యనునది వాణీశబ్దభవము. ధ్రుపదగాయకుల సంప్రదాయభేదములకుఁ బేరై, తెలుఁగునకు వచ్చి స్వరరచనయందు రూఢమైనది. వాక్కును జెప్పవలసిన పదము వాక్కు కానిదానికిఁ బేరైనది! సాహిత్యము సహితభావము, అట్లయ్యును సంగీతజ్ఞుల వ్యవహారమున స్వరమునుండి విడఁదీసిన మాటలకే యది పేరు. అచ్చతెలుఁగు పదములైన మట్టు, వరుస యనునవి యుండఁగా – పాటలపుస్తకములందు “ఫలాని పాట వరుస” యని శీర్షిక లుండెడివి – బాణీ వానిని వెనుకకు నెట్టినది.

ఈ విచారము కేవలము శబ్దవినోదము కాదు. 1957వ సంవత్సరపు భారత గ్రంథస్వామ్యచట్టము మాటలను సాహిత్యకృతిగాను, స్వరరచనను సంగీతకృతిగాను వేఱుగా నెన్నినది. ధ్వనిముద్రణమునందలి హక్కు మూఁడవది. అయితే నాఁటి నిర్వచనము ప్రకారము స్వరరచన వ్రాఁతరూపము నొందినఁగాని సంగీతకృతి కాదు. గురుముఖమున నడచు విద్యకు నిది యెంత పొసఁగనిదో చెప్పనక్కఱలేదు. 1994 నాఁటి సవరణ యా నిర్బంధమును దొలఁగించి, పాడుటకు నుద్దేశించిన మాటలు సంగీతకృతిలోఁ జేర వని స్పష్టముచేసెను. పేరు చెప్పకున్నను ధాతుమాతువిభాగమే యది.

ప్రతిఫల మిచ్చి వ్రాయించుకొన్న చిత్రనిర్మాతయే, విరుద్ధమైన యొడంబడిక లేనిచో, ప్రథమస్వామి యగునని 1977లో సుప్రీముకోర్టు తీర్పు వెలువడెను. పిదప 2012 నాఁటి సవరణవలనఁ గవియు స్వరకర్తయు, సినిమాహాలులోఁ జిత్రముతోఁ గూడఁ బ్రదర్శించుట మినహాగా, ఇతరవినియోగములపై రాయల్టీలో సమభాగమును బొందు హక్కును వారసులకో గ్రంథస్వామ్యసంఘమునకోఁ దప్ప మఱొకరికి వదలుకొనరాదని యేర్పడినది. చట్ట మింత సూక్ష్మముగా విభజించుచుండఁగా, పాట యను నొక్కమాటతో నొడంబడిక వ్రాసికొను కవి తాను దేని నిచ్చుచున్నాఁడో యెఱుఁగఁజాలఁడు.

కుట్టికారునకు విలోమమైనవాఁడు, అనఁగా నొరుల మాతువునకు ధాతువు గూర్చువాఁడు, శార్ఙ్గదేవుని గణనలో వేఱుగాఁ గానరాఁడు. తెలుఁగువారి కట్టివాఁ డత్యంతపరిచితుఁడు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల రాగిరేకులపై రాగనామములు కలవు, స్వరములు లేవు. నేఁడు వినవచ్చు వానిలోఁ బెక్కింటి స్వరరచన యిరువదవ శతాబ్దమువారిది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వారిలో ముఖ్యుఁడు. రేకుమీఁది రాగ మొకటి, గాయకుఁడు పాడు రాగ మొకటి యగుటయుఁ గలదు. అయినను పాటలపుస్తకములలో “అన్నమాచార్య కీర్తన” యని యొక్కపేరే యుండుట తఱచు. కీర్తన శీర్షమున మాతుకర్త పేరును, దానిక్రింద ధాతుకర్త పేరును, రేకుమీఁది రాగమును, పాడెడి రాగమును వేఱువేఱుగా ముద్రించుటకుఁ బట్టునది రెండుపంక్తుల చోటు మాత్రమే.