టెడ్ వేదికయు మన ప్రసంగపీఠమును: ఒక పరిశీలన

కొంతకాలముగా మన వేదాంత కళాశాలలలో ప్రసంగశాస్త్రము అభ్యసించు విద్యార్థులకు మాదిరిగా చూపబడుచున్నవి దైవజనుల ప్రసంగములు మాత్రమే కావు. టెడ్ ప్రసంగములు అను పేరుతో ప్రసిద్ధిచెందిన చిన్న ఉపన్యాసములను చూచి, ఆలాగున మాటలాడుట నేర్చుకొనుమని యౌవన సేవకులకు సలహా ఇచ్చువారు కూడ పెరుగుచున్నారు. సమాజము, విజ్ఞానశాస్త్రము, సంస్కృతి మొదలగు పెద్ద సంగతులను కొద్ది నిమిషములలో హృదయమునకు హత్తుకొనునట్లు చెప్పుట వీటి ప్రత్యేకత. ఈ సలహాలో మేలెంత, ప్రమాదమెంత అను దానిని ఈ వ్యాసములో పరిశీలింపదలచితిమి. మా అభిప్రాయమును ముందుగానే చెప్పుట మంచిది. ఈ వేదికనుండి క్రమశిక్షణ నేర్చుకొనవచ్చును. అయితే వినువారికి లెక్క అప్పగింపనక్కరలేని మాటను కూడ అది మనకు అలవాటు చేయగలదు.

టెడ్ అనునది టెక్నాలజీ, ఎంటర్‌టైన్‌మెంట్, డిజైన్ అను మూడు పదముల మొదటి అక్షరములతో ఏర్పడిన పేరు. రిచర్డ్ సాల్ వుర్మన్, హ్యారీ మార్క్స్ అనువారు 1984లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మాంటెరేలో ఈ సభను ఆరంభించిరి. మొదటి సభ నష్టముతో ముగిసినందున రెండవది 1990 వరకు జరుగలేదు. 2001లో క్రిస్ ఆండర్సన్ స్థాపించిన లాభాపేక్షలేని సంస్థ దీనిని చేపట్టినది. వేల డాలర్లు చెల్లించినవారు మాత్రమే వినిన ప్రసంగములను 2006 జూన్ నుండి ఇంటర్నెట్‌లో ఉచితముగా ఉంచుటతో అవి లోకమంతటికి అందెను. ఈ ఆండర్సన్ పాకిస్తాన్‌లో మిషనెరీ కుటుంబములో పుట్టి, ముస్సోరీలోని వుడ్‌స్టాక్ పాఠశాలలో చదివినవాడు. 1998లో బిల్లీ గ్రాహం, 2006లో రిక్ వారెన్ ఆ వేదికమీద మాటలాడిరి. 2017లో పోప్ ఫ్రాన్సిస్ వీడియో ద్వారా ప్రసంగించెను. కాబట్టి అది మనకు బొత్తిగా పరాయి స్థలము కాదు.

నిజమునకు ప్రేరణ కలిగించు ఉపన్యాసము అను ప్రక్రియయే చాలవరకు మన ఇంటినుండి బయలుదేరినది. 1874లో జాన్ హేల్ విన్సెంట్, లూయిస్ మిల్లర్ అను ఇద్దరు మెథడిస్టులు న్యూయార్క్ రాష్ట్రములోని షటాక్వా సరస్సు ఒడ్డున సండేస్కూలు ఉపాధ్యాయుల తర్ఫీదు కొరకు ఒక కూటము ఏర్పాటుచేసిరి. క్రమముగా అది సాహిత్యము, విజ్ఞానము, సంగీతము అన్నిటికిని వేదికయై, ఊరూర డేరాలు వేసి ఉపన్యాసములిచ్చు ఉద్యమమునకు పేరునిచ్చెను. ఆ కాలపు ఉపన్యాసకులలో మిక్కిలి పేరుపొందినవాడు ఫిలడెల్ఫియాలోని బాప్టిస్టు బోధకుడు రస్సెల్ కాన్వెల్. వజ్రముల పొలమును గూర్చిన ఒకే ఉపన్యాసమును ఆయన 6,000 కంటె ఎక్కువసార్లు ఇచ్చెను. దానివలన వచ్చిన ధనమును బీద విద్యార్థుల చదువుకు వెచ్చించెను. ఆయన స్థాపించిన టెంపుల్ విశ్వవిద్యాలయము నేటికిని ఉన్నది. ఇది మెచ్చుకొనదగిన సంగతి.

అయితే ఆ ఉపన్యాసములోని కథను తెలుగువారము కొంచెము ఆగి చూడవలెను. సింధు నదికి దగ్గరలో ఒక పారసీక రైతు ఉండెను. వజ్రములమీది ఆశతో తన పొలమమ్మి దేశదేశములు తిరిగి, చివరకు దిక్కులేక మరణించెను. అతని పొలము కొనినవాడు తన ఒంటెకు నీళ్లు పెట్టుచుండగా ఆ వాగులోనే వజ్రము కనబడెను. అదియే గోల్కొండ గని అని కాన్వెల్ చెప్పెను. కాబట్టి నీ ఐశ్వర్యము నీ పెరటిలోనే ఉన్నది, వెదకి ధనవంతుడవు కమ్ము అనునది సారాంశము. బీదలలో జాలిపడదగినవారు కొద్దిమందేనని, మిగిలినవారి బీదరికము వారి లోపములవలననే కలిగినదని కూడ ఆయన అందులో బోధించెను.

గోల్కొండ ఎక్కడున్నదో మనకు తెలియును. సింధు నదికి దానికి సంబంధము లేదు. గోల్కొండ వజ్రములు అని పేరుపడినవి గోల్కొండ కోటలో త్రవ్వినవి కావు. అది వర్తక స్థానము. గనులు గుంటూరు సీమలోని కొల్లూరు మొదలుకొని కృష్ణా తీరమున ఉండెను. 17వ శతాబ్దములో కొల్లూరును దర్శించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ సుమారు 60,000 మంది స్త్రీ పురుషులు, పిల్లలు పనిచేయుచున్నట్లు వ్రాసెను. ఆ వజ్రములను వెలికితీసినది వారే గాని, ఒంటెకు నీళ్లు పెట్టిన రైతు కాడు. వేలాది సభలలో ఈ కథ చెప్పబడినప్పుడు కృష్ణా ఒడ్డు మనిషి ఒక్కడైనను లేచి, అయ్యా, అది మా ఊరు, ఆ మట్టి మోసినది మా తాతలు అని చెప్పు వీలు లేకపోయెను. అరవై వేలమంది కూలీలు కథలోనుండి తప్పిపోయినందుననే, బీదరికము బీదవాని తప్పు అను బోధకు ఆ కథ అంత చక్కగా ఉపయోగపడెను. మన నేటి ఐశ్వర్య బోధకులలో కాన్వెల్ పేరు ఎరుగనివారు కూడ ఇదే అచ్చులో పోసిన సాక్ష్యములు చెప్పుచున్నారు.

ఇక టెడ్ పద్ధతికి వత్తము. ప్రసంగము 18 నిమిషములకు మించరాదు. ఒకటే తలంపు ఉండవలెను. కాగితము చూచి చదువక, ముందుగా అనేక పర్యాయములు అభ్యాసము చేసికొని రావలెను. ఇందులో మనకు సిగ్గు కలుగవలసిన సంగతులున్నవి. శనివారము రాత్రి వరకు వాక్యభాగమే నిర్ణయించుకొనక, ఆదివారము గంటన్నర మాటలాడి దానిని ఆత్మ నడిపింపు అని చెప్పుకొనువారు మనలో లేకపోలేదు. త్రోయలో ఐతుకు కిటికీలోనుండి పడినప్పుడు అతని లేవనెత్తుటకు పౌలు దగ్గర ఉండెను. మన కూటములలో నిద్రపోవువారి సంగతి ఎవరు చూచెదరు?

ప్రమాదము వేరొక చోట ఉన్నది. 2012లో ఏమీ కడ్డీ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఎడిన్‌బరోలో ఇచ్చిన టెడ్ ప్రసంగమును కోట్లమంది చూచిరి. రెండు నిమిషములు ఠీవిగా నిలువబడినయెడల శరీరములోని హార్మోనులు మారి, ధైర్యము పెరుగునని ఆమె చెప్పెను. దానికి ఆధారము 2010లో 42 మందితో చేసిన ఒక అధ్యయనము. 2015లో మరి కొందరు పరిశోధకులు 200 మందితో దానిని తిరిగి పరీక్షించగా, ధైర్యముగా ఉన్నట్లు అనిపించుట కనబడెను గాని హార్మోనులలో మార్పు కనబడలేదు. 2016లో మొదటి అధ్యయనపు ప్రధాన రచయిత్రి డేనా కార్నీయే ఆ ఫలితములు నిజమని తాను నమ్ముటలేదని బహిరంగముగా ప్రకటించెను. ఆ అనుభూతి మట్టుకు నిజమేనని కడ్డీ తరువాత కూడ వాదించెను. ఆ వాదము ఇక్కడ మనకు ముఖ్యము కాదు. విజ్ఞానశాస్త్రము తన్ను తాను సరిచేసికొనుట దాని ఘనతయే. అయితే ఆ సవరణ పరిశోధన పత్రికలలో జరుగగా, ప్రసంగము మాత్రము మునుపటి కన్నీళ్లతోను చప్పట్లతోను నేటికిని ఫోనునుండి ఫోనుకు పోవుచునే ఉన్నది. దానిని చూచి లేచి నిలువబడినవారిలో ఎందరికి ఈ సవరణ చేరినది?

2013లో బెంజమిన్ బ్రాటన్ అను ఆచార్యుడు సాన్‌డియేగోలో టెడ్‌కు సంబంధించిన వేదికమీదనే నిలిచి టెడ్‌ను తీవ్రముగా విమర్శించెను. కష్టమైన ప్రశ్నలను తేలికచేసి, మార్పు జరిగినదను భ్రమ కలిగించుట దాని దోషమని ఆయన వాదము. ఆ వేదికను ఎగతాళి చేయుటకు ఆయన ఎన్నుకొనిన పోలిక ఏమిటంటే, అమెరికాలోని మెగాచర్చి! మేము ఆ మాట విని నవ్వలేకపోతిమి. మనము ఎవరిని చూచి నేర్చుకొనవలెనని ఆలోచించుచున్నామో వారిని నిందించుటకు మన మందిరములే సామెతయైనవి.

అరేయొపగులో పౌలు ప్రసంగము కూడ చిన్నదే. పరాయివారి భాషలో, వారి కవులను ఎరిగి చెప్పినదే. అయితే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము వినినవారి సంగతి చెప్పక ముగియదు. కొందరు అపహాస్యము చేసిరి, కొందరు మరల వినగోరిరి, కొందరు విశ్వసించిరి. కొరింథు సంఘములోనైతే ప్రవచించినవాని మాటను తక్కినవారు వివేచింపవలెనని పౌలు ఏర్పాటు చేసెను. టెడ్ సభలో వినువారికి సాధారణముగా మిగులునది చప్పట్లు కొట్టుటయే. ఉపన్యాసకుడు దిగి వెళ్లిపోవును. సంఘకాపరి ఎక్కడికి వెళ్లును? ఆదివారము ఓర్పునుగూర్చి చెప్పినవాడు మంగళవారము అదే వీధిలో అప్పులవాళ్ల ఎదుట నిలిచిన విశ్వాసి ఇంటికి పోవలసినవాడే.

ఈ విమర్శకు లోబడని ప్రసంగము ఒకటి ఉన్నది. అది మన హైదరాబాదునుండి వెళ్లినదే. 2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో సునీతా కృష్ణన్ మాటలాడెను. ఆమె 1996లో బ్రదర్ హోసె వెట్టికాటిల్‌తో కలిసి హైదరాబాదులో ప్రజ్వల సంస్థను స్థాపించి, వ్యభిచార వృత్తిలోనికి అమ్మబడిన స్త్రీలను, పిల్లలను విడిపించి ఆదరించుచున్నది. వాడబడి విడువబడిన ముగ్గురు చిన్నబిడ్డల కథతో ఆమె ఆరంభించెను. తాను 15 ఏండ్ల ప్రాయమున సామూహిక అత్యాచారమునకు గురియైన సంగతిని దాచలేదు. దానికంటె, ఆ తరువాత లోకము తన్ను వెలివేసిన విధమునుగూర్చి ఎక్కువగా చెప్పెను. తరువాత ఆమె చేసిన పని ఆ వేదికమీద అరుదు. ఇంత చల్లని హాలులో కూర్చొని ఈ సంగతులు మాటలాడుట సులభమే గాని, విడిపింపబడిన ఆ స్త్రీలను మీ ఇంటికి తెచ్చుకొనుట, మీ కంపెనీలలో ఉద్యోగమిచ్చుట వేరు సంగతి అను భావముతో ఆమె ఆ వినువారినే ఎదుర్కొనెను. చప్పట్లు అప్పుడును మ్రోగెను. అయితే ఆమె అడిగినదానికి చప్పట్లు జవాబు కావని కొట్టినవారికిని తెలిసియుండును.

ఆమె ఆ విధముగా అడుగగలిగినది వేదిక నేర్పిన నేర్పువలన కాదు. సభ ముగిసిన మరునాడు ఆమె ఆ బిడ్డలయొద్దకే తిరిగి వెళ్లవలసియుండెను. వారికి ఆమె లెక్క అప్పగింపవలెను.

కాబట్టి ప్రసంగశాస్త్ర తరగతిలో టెడ్ ప్రసంగములు చూపుట మానుకొనుడని మేము చెప్పము. కడ్డీ ప్రసంగమును చూపినప్పుడు 2015 నాటి ఫలితములను కూడ అదే గంటలో చదివింపవలెను. సునీతా కృష్ణన్ ప్రసంగమును చూపినప్పుడు చప్పట్లకు ముందే ఆపి, మీ సంఘములో అట్టి స్త్రీ ఒకతె బాప్తిస్మము కోరి వచ్చినయెడల ఏ బెంచీమీద, ఎవరి ప్రక్కను కూర్చొనునని విద్యార్థులను అడుగవలెను. జవాబు వ్రాయుటకు 18 నిమిషములు ఇయ్యవచ్చును.