శివతాండవం: విరోధమా, విరోధాభాసమా?

మన ఆలంకారికులు విరోధాభాస అనే అలంకారాన్ని చెప్పారు. పైకి విరోధంగా తోచి, ఆలోచిస్తే పొసగేది అది. పుట్టపర్తి నారాయణాచార్యుల (1914–1990) శివతాండవాన్ని కూడా మన విమర్శకులు ఈ కోవలో చేర్చి ఊరుకుంటున్నారు. శ్రీవైష్ణవుడై ఉండీ ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో శివుని నాట్యాన్ని గానం చేశారు గనుక ఆయన ఉదారులు అంటారు. ఈ మెప్పులో చిక్కుంది. కవి గోడ దాటాడని పొగిడేవారు, ఆ గోడ ఉండవలసిందేనని ముందే ఒప్పుకొన్నట్లు కాదా? పీర్ల పండుగనాడు హిందువులు కూడా గుండం చుట్టూ అలాయ్ ఆడే జమ్మలమడుగు, పులివెందుల సీమలో అదేమంత వింత?

కావ్యాన్ని నిలబెట్టింది లయ. ఆచార్యులు నాట్యం నేర్చినవారు. తాండవం వెంట పార్వతి లాస్యాన్ని కూడా రచించారు. సమాసం బరువెక్కి అర్థం అందనిచోట సైతం మాత్రల నడక శ్రోతను వదలదు. పండితుని గేయం పామరుని చెవికెక్కింది ఇందువల్లనే. కొన్నిచోట్ల ఆ ధ్వని భావాన్ని మింగివేస్తుందన్నదీ నిజమే.

నాకు తోచే వైరుధ్యం మరొకటి. తన సంప్రదాయానికి దగ్గరిదైన రామకథకు ఆయన ‘జనప్రియ రామాయణం’ అని పేరు పెట్టారు. 1979లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. జనం నోట నిలిచింది మాత్రం శివతాండవమే. ఇందులో ఆభాస ఏమీ లేదు, ఉన్నది విరోధమే. రామాయణాన్ని పక్కన పెట్టి కవిని సమన్వయవాదిగా తేల్చిన విమర్శ దీనికి సమాధానం చెప్పవలసి ఉంది.